ఓర్పు ఎవరికి చెప్పాలి?

ఎదురుచూడటం కూడ ఒక ప్రార్థనే అని ఆగమన కాలంలో మన గురువులు తరచు చెబుతారు. దివ్యపూజలో కూర్చుని వింటున్నప్పుడు ఆ మాట మనసుకు ఇంపుగానే ఉంటుంది. కాని ఎదురుచూసేది రక్షకుని కోసం కాక, డబ్బు కట్టి బుక్ చేసుకున్న ఒక కారు కోసమైతే ఏమిటి సంగతి? అటువంటి ఎదురుచూపులో కూడ దేవుడు మనతో మాట్లాడతాడా? మాట్లాడతాడనే ఇప్పుడు నా నమ్మకం. అయితే ఆయన చెప్పింది నేను వినాలనుకున్న మాట కాదు. అందుకే ఆ సంగతి మీతో పంచుకుంటున్నాను.

2021 దసరాకు ముందు మేము ఒక చిన్న కారు బుక్ చేశాము. విలాసం కోసం కాదు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. రుద్రూర్‌లో బస్సు మెట్లు ఎక్కడం, దిగడం ఆమె వల్ల కావడం లేదు. ఆదివారం పూజకు తీసుకువెళ్లాలంటే ప్రతిసారీ ఎవరి బండినో అడగవలసి వచ్చేది. బడిపంతులుగా పనిచేసి దాచుకున్న సొమ్ములో కొంత తీసి నిజామాబాదులో అడ్వాన్సు కట్టి, రసీదు తెచ్చి, ఇంట్లో పీఠం మీద మరియతల్లి స్వరూపం దగ్గర పెట్టాను. మూడు నెలల్లో బండి వస్తుందన్నారు. క్రీస్తు జయంతి పూజకు అమ్మ సొంత కారులో వెళుతుందని ఇంట్లో అందరమూ అనుకున్నాము.

జయంతి వచ్చింది, కారు రాలేదు. తపస్సు కాలం వచ్చింది, కారు రాలేదు. ఫోను చేసినప్పుడల్లా ఒకటే జవాబు: "చిప్పులు లేవు సార్. కంపెనీ నుంచే రావడం లేదు." తినే చిప్సుకూ కారుకూ ఏమి సంబంధమని అమ్మ అడిగింది. అప్పటికి నాకూ సరిగా తెలియదు. తెలుసుకున్న తర్వాత నా కోపం కొంత తగ్గింది. అందుచేత మీకూ చెబుతాను.

ఈనాటి కారులో గోరంత చిప్పులు వందల సంఖ్యలో ఉంటాయి. ఇంజనుకు ఎంత నూనె అందాలో చూసేది ఒకటి, బ్రేకు వేసినప్పుడు చక్రం జారకుండ కాచేది ఒకటి, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగును విప్పేది ఒకటి, అద్దాలను ఎత్తి దించేది ఒకటి. వీటిలో ఒక్కటి లేకపోయినా కారు ఫ్యాక్టరీ గేటు దాటదు. 2020లో కరోనా వచ్చి అమ్మకాలు పడిపోయినప్పుడు, ప్రపంచంలోని కార్ల కంపెనీలు చిప్పుల ఆర్డర్లు తగ్గించుకున్నాయి. ఇళ్లలో కూర్చున్న జనం ఫోనులు, కంప్యూటర్లు కొన్నారు. చిప్పులు తయారుచేసేవారు తమ యంత్రాలను వాటికి మళ్లించారు. అనుకున్నదానికంటే ముందుగానే కార్ల గిరాకీ తిరిగి వచ్చేసరికి, కార్ల కంపెనీలు వరుసలో చివరికి చేరాయి. ఒక చిప్పు మొదటి నుంచి తుది వరకు తయారు కావడానికే సుమారు మూడు నాలుగు నెలలు పడుతుంది. కొత్త ఫ్యాక్టరీ కట్టాలంటే ఏళ్లు పడుతుంది.

దానికి తోడు వరుసగా దెబ్బలు తగిలాయి. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో మంచుతుఫానుకు కరెంటు పోయి, ఆస్టిన్ నగరంలోని చిప్పుల ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. మార్చి 19న జపానులో రెనెసాస్ కంపెనీ వారి నాకా ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. ఆ ఏడే తైవాను ద్వీపంలో అర్ధ శతాబ్దంలో ఎరుగనంత కరువు. మన దేశంలో మారుతి సుజుకి 2021 సెప్టెంబరులో తన ఉత్పత్తి మామూలులో 40 శాతం దగ్గరికి పడిపోతుందని ముందుగానే ప్రకటించింది. ఇంకొకవైపు కొనేవారి ఆత్రం తగ్గలేదు. అదే అక్టోబరు 7న మహీంద్రా వారి ఎక్స్‌యూవీ 700కు బుకింగులు తెరిస్తే, 57 నిమిషాల్లో 25,000 మంది పేర్లు ఇచ్చారు. వారిలో ఎంతోమంది నెలల తరబడి, కొన్ని రకాలకైతే ఏడాదికి పైగా ఆగవలసి వచ్చింది.

తైవాను కరువు గురించి ఒక సంగతి చదివి నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. చిప్పులు కడగడానికి శుద్ధమైన నీరు చాల కావాలి. ఆ కరువులో అక్కడి ప్రభుత్వం ఊళ్లకూ ఫ్యాక్టరీలకూ నీరు మిగల్చడం కోసం కొన్ని ప్రాంతాల్లో వరిపొలాలకు కాలువ నీరు ఆపివేసింది. రైతులకు నష్టపరిహారం ఇచ్చింది. అంటే నా కారులోని గోరంత ముక్క కోసం, నేను ఎన్నడూ చూడని ఒక వరి రైతు తన పొలాన్ని బీడు పెట్టుకున్నాడు. నిజాంసాగర్ నీళ్ల కోసం ఆకాశం వైపు, కాలువ వైపు చూసి బతికే మనకు ఆ రైతు బాధ ఒకరు వివరించనక్కరలేదు.

శరీరంలో బలహీనంగా కనిపించే అవయవాలే ఎక్కువ అవసరమైనవని పునీత పౌలు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 12వ అధ్యాయంలో బోధించాడు. ఆ మాట చాలసార్లు విన్నాను. పెద్ద ఇంజను, నిగనిగలాడే రంగు, మెత్తని సీట్లు అన్నీ సిద్ధంగా ఉండి, గోరంత ముక్క లేక వేల బండ్లు ఫ్యాక్టరీల్లోనే ఆగిపోయినప్పుడు గాని దాని అర్థం నాకు తలకెక్కలేదు.

మీలో పెద్దవారు నవ్వుతున్నారేమో. "పదకొండు నెలలకే ఇంత కథా?" అని. నిజమే, వారు ఎరిగిన ఎదురుచూపు వేరు. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ స్కూటరు కోసం ఆ రోజుల్లో పదేళ్ల దాక ఆగినవారున్నారు. సర్కారు లైసెన్సు ఇచ్చినన్ని బండ్లే తయారు కావాలన్న రోజులవి. కొడుకు పుట్టినప్పుడు పేరు నమోదు చేస్తే వాడు బడికి పోయే వయసులో బండి వచ్చేది. విదేశీ డబ్బు కట్టగలిగిన వారికి మాత్రం వరుసతో పని లేకుండ ముందుగా ఇచ్చేవారు. వంతు వచ్చిన బండిని తీసుకున్న మరుసటి రోజే బ్లాకులో ఎక్కువ ధరకు అమ్ముకున్నవారూ ఉన్నారు. 1991 తర్వాత ఆ వరుసలు పోయాయి. ఇక మనకు ఎదురుచూపు ఉండదనుకున్నాము. 2021లో తిరిగి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన లోహాల, అయస్కాంతాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టినప్పుడు విద్యుత్ స్కూటర్లకు మళ్లీ అదే గతి పట్టింది. కొరత పేరు మారుతుంది. వరుస మాత్రం ఉంటుంది. వరుసలో నిలబడిన మనిషి మనసులో లేచే శోధన కూడ మారదు.

ఆ శోధన నాకూ వచ్చింది. 2022 మార్చి నెలలో ఒక సాయంకాలం నాకు ఫోను వచ్చింది. షోరూములకూ కొనేవారికీ మధ్య తిరిగే ఒక మనిషి మాట్లాడాడు. "సార్, మీరు బుక్ చేసిన రంగులోనే ఒక బండి వస్తుంది. మీకంటే ముందు ఇంకొకాయన పేరుంది. ఆయన దూరం ఊరాయన, ఎక్కువ ఫోను కూడ చేయడు. మీరు కొంచెం చూసుకుంటే పేరు అటు ఇటు చేయొచ్చు."

పాఠకులారా, నేను వెంటనే కాదన్నానని మీకు చెబితే అది అబద్ధమవుతుంది. "ఎంత?" అని అడిగాను. అతడు చెప్పాడు. ఆలోచించి చెబుతానన్నాను. ఆ ఆలోచించడంలోనే నేను సగం ఒప్పుకున్నట్టయింది. నా మనసు ఎన్ని సాకులు వెదికిందో చెప్పలేను. అమ్మ కోసమే గదా! పూజకు పోవడానికే గదా! ఆయన అంత అవసరం ఉన్నవాడైతే ఫోను చేసేవాడు గదా!

రాత్రి జపమాల అయిన తర్వాత ఆ సంగతి అమ్మతో అన్నాను. ఆమె కోసమే చేస్తున్నానన్నట్టు చెప్పాను. ఆమె మంచం మీద కాళ్లు చాపుకొని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నది. తల ఎత్తకుండానే అన్నది: "ముందున్నాయనకు గూడ తల్లి ఉండొచ్చు గద బిడ్డా."

అంతే. ఆ తర్వాత ఆమె ఏమీ అనలేదు. మరునాడు నేను ఆ మనిషికి ఫోను చేసి వద్దన్నాను.

మన వైపు కాలువల కింద సేద్యం చేసినవారికి ఇది కొత్త నీతి కాదు. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ వల్లనే ఈ నేల పచ్చబడింది, చెరకు వచ్చింది, ఎక్కడెక్కడి నుంచో వచ్చి క్యాంపులు కట్టుకున్న కుటుంబాలకు అన్నం దొరికింది. ఆ కాలువ మొదట్లో పొలం ఉన్నవాడు రాత్రిపూట తన వంతు కాకపోయినా తూము ఎత్తుకున్నాడనుకోండి. నీళ్లు కాలువలో నుంచే వచ్చాయి, ఎవరి ఇంట్లోనూ దొంగిలించలేదనుకుంటాడు. కాని చివరి మడి ఎండిపోతుంది. ఎండిన మడివాని ముఖం తూము ఎత్తినవాడు చూడడు. చూడకపోవడం వల్లనే ఆ పని అంత సులభమవుతుంది. వరుస తప్పించడంలో ఉన్న పాపం ఇదే. మనం నష్టపరిచే మనిషి మనకు కనిపించడు.

యోహాను సువార్త 5వ అధ్యాయంలో బెతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లుగా రోగంతో ఉన్న మనిషిని జ్ఞాపకం చేసుకోండి. నీళ్లు కదిలినప్పుడు తనను దించేవారు ఎవరూ లేరని, తాను పోయేలోగా వేరొకడు ముందుగా దిగుతున్నాడని అతడు ప్రభువుతో మొరపెట్టుకున్నాడు. ముందుగా దిగినవారు కూడ రోగులే, వారికీ అవసరముంది. అయినా అన్నేళ్లలో ఒక్కరు కూడ "ఈసారి నీవు దిగు" అనలేదు. క్రీస్తు ప్రభువు అంత జనంలో ఎవరి దగ్గరికి వెళ్లాడో చూడండి. అందరికంటే ఎక్కువ కాలం వెనక మిగిలిపోయినవాని దగ్గరికి వెళ్లాడు.

ఇంతవరకు చెప్పిన కథలో నేను కొంత మంచివాడినిగానే కనిపిస్తున్నాను. లంచం ఇవ్వలేదు, వరుస తప్పించలేదు, ఓర్చుకున్నాను. నాకూ అలాగే అనిపించింది. పాపసంకీర్తనంలో చెప్పుకోవలసినది ఏమీ లేదనుకున్నాను. అసలు సంగతి ఇప్పుడు చెబుతాను.

కారు జనవరిలో వస్తుందన్న నమ్మకంతో ఇంటి పక్కన దాని కోసం ఒక షెడ్డు వేయించాను. నాలుగు స్తంభాలు, పైన రేకులు, కింద గచ్చు. మా ఊరి దగ్గరి మేస్త్రీ ఒకరు ఇద్దరు కూలీలతో వచ్చి వారం రోజుల్లో పూర్తి చేశాడు. ఒప్పుకున్న డబ్బులో 14,000 రూపాయలు బాకీ మిగిలింది. బండి వచ్చినాక లెక్క చూసుకుందామన్నాను. అతడు సరేనన్నాడు. కారు ఆలస్యమయ్యే కొద్దీ దాని ధర పెరిగింది. పెరిగిన ధరకు సరిపెట్టడానికి చేతిలో ఉన్న డబ్బు కదపకూడదని నేను నిశ్చయించుకున్నాను. మేస్త్రీ ఫిబ్రవరిలో వచ్చాడు. వచ్చే వారం రమ్మన్నాను. ఏప్రిల్‌లో వచ్చాడు. కొంచెం ఓపిక పట్టమన్నాను. మే నెలలో, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం, మళ్లీ వచ్చాడు. నేను లోపల భోజనం చేస్తున్నాను. అతడు ఆ ఖాళీ షెడ్డులో, తాను వేసిన గచ్చు మీదనే, తువ్వాలు పరచుకొని కూర్చున్నాడు.

బయటికి వచ్చి "బండి ఇంకా రాలేదయ్యా" అన్నాను. ఏదో నేనే బాధితుడినైనట్టు, అతడు నన్ను ఓదార్చాలన్నట్టు అన్నాను.

అతడు లేచి నిలబడి మెల్లగా అడిగాడు: "బండి రాకుంటే నా పైసలు గూడ రావా సార్?"

నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులు ఆగమని పంపించాను. ఆ రాత్రి నిద్రపట్టక, ఓర్పును గురించి ఏదైనా ఆదరణ మాట చదువుకుందామని బైబిలు తెరిచాను. పునీత యాకోబు లేఖ 5వ అధ్యాయంలో రైతు తొలకరి వాన కోసం, మలివాన కోసం ఎట్లా ఓర్పుతో ఎదురుచూస్తాడో, మీరూ అట్లా ప్రభువు రాకడ కోసం ఎదురుచూడండి అన్న బోధ ఉన్నదని నాకు తెలుసు. అది 7వ వచనం. దాని కోసం పేజీ మీద వేలు పెడితే, కన్ను 4వ వచనం మీద పడింది. పొలాలు కోసిన కూలీలకు ఇవ్వకుండ బిగబట్టిన కూలి కేక వేస్తున్నదని, కోతగాండ్ల మొర సైన్యములకధిపతియైన ప్రభువు చెవిని చేరిందని అక్కడ పునీత యాకోబు హెచ్చరిస్తున్నాడు.

ఒకే అధ్యాయం. రెండింటి మధ్య ఉన్నవి రెండే వచనాలు. ముందు కూలి, తర్వాత ఓర్పు. ఇన్నేళ్లుగా నేను ఆ లేఖ చదువుతున్నా ఈ వరుస నా దృష్టికి రాలేదు. దానికి కారణం కొంత మన పఠనాల క్రమంలో కూడ ఉన్నదేమో. ఎ సంవత్సరంలో ఆగమన కాలం మూడవ ఆదివారం రెండవ పఠనం 7వ వచనం దగ్గర మొదలవుతుంది. కూలి మాట ఉన్న మొదటి ఆరు వచనాలు బి సంవత్సరంలో సామాన్య కాలం 26వ ఆదివారం వస్తాయి. కాబట్టి గుడిలో రెండూ ఒకేసారి మన చెవిన పడవు. ఇంట్లో బైబిలు తెరిచి అధ్యాయమంతా చదివితే, ఓర్చుకోమని చెప్పకముందు అపొస్తలుడు ఎవరి బాకీ ఎవరు తీర్చాలో చెప్పాడని తెలుస్తుంది.

ఈ వారం నేను చెప్పదలచిన మాట ఇదొక్కటే. నా కష్టంలో నేను చూపే ఓర్పు సద్గుణం. నేను బాకీ ఉన్నవానికి నేనే ఓర్పు బోధిస్తే అది అన్యాయం. నోటిలోని మాట ఒకటే, "కొంచెం ఆగు". ఆ మాట నాకు నేను చెప్పుకుంటున్నానా, నా చేతిలో ఉన్నది ఇవ్వవలసిన వానికి చెబుతున్నానా అన్న దాన్ని బట్టి అది పుణ్యమో పాపమో అవుతుంది. పునీత తోమాసు అక్వినాసు కూడ ఈ భేదం చూపాడు. మంచివారు తమకు జరిగిన అన్యాయాన్ని ఓర్చుకుంటారు గాని, పొరుగువానికి జరిగే అన్యాయాన్ని ఓర్చుకోరని ఆయన బోధ. మరి ఆ అన్యాయం చేస్తున్నది నేనే అయినప్పుడు నా ఓర్పు ఏ లెక్కలోకి వస్తుంది?

ఎదురుచూపు అందరికీ ఒకే బరువు కాదని కూడ మనం గుర్తించాలి. బోధన్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసిన నాటి నుండి ఈ ప్రాంతపు రైతుకు బండ్ల బారు అంటే ఏమిటో తెలుసు. ఫ్యాక్టరీ ఆర్డరు ఇస్తే గాని చెరకు నరకరాదు. నరికిన తర్వాత యార్డులో వంతు వచ్చేదాక రాత్రులు ఎడ్లతో పాటు అక్కడే పడుకోవాలి. నరికిన చెరకు ఎండలో ఆగిన కొద్దీ బరువు తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. ఆగినందుకు ఫ్యాక్టరీకి పోయేది కొంచెమే. రైతుకు పోయేది ఏడాది కష్టం. ఆ ఫ్యాక్టరీ కూడ 2015 డిసెంబరులో మూతపడింది. అది తిరిగి తెరుచుకుంటుందన్న మాట విని విని ఎన్నో కుటుంబాలు చెరకు మాని వరికి మళ్లాయి.

నా పదకొండు నెలల్లో నాకు పోయింది ఏమిటి? కొంత సౌకర్యం, కొంత ప్రతిష్ఠ, పెరిగిన ధర. ఆ మేస్త్రీ ఆగిన నాలుగు నెలల్లో అతనికి పోయింది ఏమిటి? నేను అడిగాను. తన కింద పనిచేసిన ఇద్దరు కూలీలకు అతడు అప్పు తెచ్చి కూలి ఇచ్చాడు. ఆ అప్పుకు నూటికి మూడు రూపాయల వడ్డీ, నెలకు. నా కారు సొమ్ము నా దగ్గర భద్రంగా ఉన్నది, దాని కాపలా ఖర్చు మాత్రం అతడు కడుతున్నాడు. నరికిన చెరకు లాగ ఆ మనిషి ఎండలో తరిగిపోతుంటే నేను నీడలో కూర్చుని ఓర్పు మీద వాక్యాలు వెదుకుతున్నాను.

మన సత్యసభ ఈ విషయంలో మెత్తగా మాట్లాడలేదు. 1891లో 13వ లియో పోపుగారు కార్మికుల గురించి వ్రాసిన 'రేరుమ్ నొవారుమ్' లేఖలో, కూలివానికి రావలసినది బిగబట్టడం పరలోకానికి మొరపెట్టే పాపమని చెబుతూ పునీత యాకోబు మాటనే ఆధారం చేశారు. 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం పరలోకానికి మొరపెట్టే పాపాల వరుసలో హేబెలు రక్తంతో పాటు కూలివానికి చేసే అన్యాయాన్ని కూడ చేర్చింది. పాత నిబంధన ధర్మమైతే గడువు కూడ పెట్టింది: పొద్దు గూకకముందే కూలి ఇచ్చివేయాలి. వాడు పేదవాడు గనుక దాని మీదనే ఆశ పెట్టుకొని ఉంటాడని ద్వితీయోపదేశ కాండం 24వ అధ్యాయం కారణం కూడ చూపింది. ద్రాక్షతోట యజమాని ఉపమానంలో కూడ అంగడిలో రోజంతా పని కోసం ఎదురుచూసిన చివరి కూలీకి ముందుగా డబ్బు ముట్టింది. ఆ సాయంకాలమే ముట్టింది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. అయితే మనకు అన్యాయం జరిగినా నోరు మూసుకోవాలా? డబ్బు కట్టించుకొని, తేదీ మీద తేదీ చెబుతూ పోతే అడగకూడదా? అడగాలి. వ్రాతపూర్వకంగా తేదీ అడగడం, వరుసలో మన స్థానం ఎంతో చెప్పమనడం, కుదరకపోతే అడ్వాన్సు తిరిగి ఇమ్మనడం కొనేవాని హక్కు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషనుకు వెళ్లవచ్చు. న్యాయం అడగడం ఓర్పులేనితనం కాదు. అయితే ఫోను తీసిన ఆ కౌంటరు అమ్మాయి మీద అరిస్తే జపానులో చిప్పులు తయారు కావు. ఆమె నెలకు జీతం కోసం ఎదురుచూసే ఒక ఇంటి బిడ్డ. కొరతకు ఆమె కారణం కాదని తెలిసీ నేను రెండుసార్లు ఆమెను కసురుకున్నాను. అది కూడ నేను పాపసంకీర్తనంలో చెప్పుకోవలసి వచ్చింది.

మరునాడు ఉదయం మేస్త్రీ ఇంటికి నేనే వెళ్లాను. అతడు మళ్లీ నా గడప తొక్కకూడదని అనుకున్నాను. బాకీ, దాని మీద అతడు కట్టిన వడ్డీ లెక్క చూసి ఇచ్చాను. వడ్డీ వద్దన్నాడు. తీసుకోమని బతిమాలవలసి వచ్చింది. అతడు సంతోషించాడో లేదో నాకు తెలియదు. "మంచిది సార్" అని మాత్రం అన్నాడు. నాలుగు నెలల ఎదురుచూపును ఒక్క ఉదయంతో తుడిచివేయగలనని నేను అనుకోవడం లేదు.

కారు 2022 సెప్టెంబరులో వచ్చింది. ఫాదర్ గారు ప్రార్థన చేసి దాని మీద తీర్థజలం చల్లారు. వాహనాలు నడిపేవారికి రోమాపురి పునీత ఫ్రాన్సిస్కమ్మ పాలక పునీతురాలని, 1925లో 11వ పియుస్ పోపుగారు ఆమెను అలా ప్రకటించారని ఆ రోజు ఆయన చెప్పగా విన్నాను. చీకటిలో ఆమెకు ఒక దేవదూత దారి చూపేవాడని సంప్రదాయం. నాకు దారి చూపినవారు ఇద్దరు: మోకాళ్లకు నూనె రాసుకుంటున్న మా అమ్మ, గచ్చు మీద తువ్వాలు పరచుకొని కూర్చున్న ఆ మేస్త్రీ. నా కంటే ముందు పేరున్న ఆ దూరం ఊరాయన ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. ఆయన తల్లి ఎవరో తెలియదు. అయినా కారు ఎక్కిన ప్రతిసారీ ఆయన కోసం ఒక మంగళవార్త జపం చెప్పుకుంటాను.

ప్రియ పాఠకులారా, మీలో ఎవరైనా ఒక ట్రాక్టరు కోసమో, స్కూటరు కోసమో, పింఛను కాగితం కోసమో, ఇల్లు మంజూరు కోసమో ఎదురుచూస్తూ ఉండవచ్చు. మీ ఎదురుచూపును ప్రభువు చూస్తున్నాడు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ విన్నపంతో పాటు ఇంకొక ప్రశ్న కూడ ఆయన ముందు పెట్టండి. "ప్రభువా, నా కోసం ఎదురుచూస్తున్నవారు ఎవరు?" చాకలికి ఇవ్వవలసిన డబ్బు ఉన్నదా? నాటు వేసిన ఆడకూలీల లెక్క మిగిలి ఉన్నదా? తిరిగి ఇస్తానని తెచ్చుకున్న బదులు ఉన్నదా? క్షమాపణ కోసం ఏళ్లుగా గుమ్మం వైపు చూస్తున్న అన్నదమ్ముడు ఉన్నాడా? మన చేతిలో ఉన్నది మనం ఇచ్చివేస్తే, వారి ఎదురుచూపు రేపటితో ముగుస్తుంది. దానికి ఏ దేశం నుంచీ ఏ విడిభాగమూ రానక్కరలేదు.

ఆ పని చేసిన తర్వాత, రైతు మలివాన కోసం చూసినట్టు, మనం మన వంతు కోసం నెమ్మదిగా ఎదురుచూద్దాం. అప్పుడు మన ఎదురుచూపు నిజంగా ప్రార్థన అవుతుంది.